ఇంటిపేరు ఒక్కటైతే అన్నదమ్ములమేనా?

మా ఆదిలాబాద్ గూడేల్లో కొత్త మనిషి గడప ముందు నిలబడితే ముందు రామ్ రామ్ చెప్పుకుంటాం. తర్వాత ఊరి పేరు అడుగుతాం. ఆ వెంటనే ఇంటిపేరు అడుగుతాం. అతను ‘ఆత్రం’ అన్నా, ‘సిడాం’ అన్నా, ‘మెస్రం’ అన్నా ఆ ఒక్క మాటతో చాలా సంగతులు తేలిపోతాయి. వచ్చినవాడు అన్నయ్య వరసా, బావ వరసా, అతనితో పరాచికం ఆడవచ్చా, అతని చెల్లెలిని మన ఇంటికి కోడలిగా అడగవచ్చా అన్నది పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

అదే ఇంటిపేరు పట్నంలో కాలేజీ రిజిస్టరులోకి వెళ్లేసరికి ఒక్క అక్షరం అవుతుంది. దరఖాస్తులో ఒక గడి నింపడానికి పనికొస్తుంది. దాని అర్థం అడిగేవాళ్లు ఉండరు. అడిగినా చెప్పగలిగిన పిల్లలు తగ్గిపోతున్నారు. ఇప్పుడు సెల్‌ఫోనులో మన ఇంటిపేరు కొట్టి చూస్తే ఎక్కడెక్కడివాళ్లో కనిపిస్తారు. నాగపూర్‌లో ఒకరు, బస్తర్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు. చూడగానే సంతోషం కలుగుతుంది. ‘మనవాళ్లే’ అనుకుంటాం. నిజంగా మనవాళ్లేనా? ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన ఎన్నడూ చూడని మనిషి నాకు ఏమవుతాడు? నేను అతనికి ఏం బాకీ ఉంటాను? ఈ వ్యాసంలో అడుగుతున్నది ఈ ప్రశ్నే.

ఊరికే మాట్లాడుకుంటే మాటలు ఎటో పోతాయి కనుక ఒక ఇంటిపేరును పట్టుకుని చూద్దాం. అందరికీ తెలిసిన మెస్రం ఇంటిపేరునే తీసుకుందాం.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది

గోండుల పురాణగాథ ప్రకారం గుహలో బందీలుగా ఉన్న మన దేవతలను పహాండి కుపార్ లింగాల్ విడిపించాడు. వాళ్లను నాలుగు సగలుగా పంచాడు. నలుగురు అన్నదమ్ములది ఒక సగ, ఐదుగురిది ఒకటి, ఆరుగురిది ఒకటి, ఏడుగురిది ఒకటి. ఒక్కొక్క సగలో కొన్ని పాడిలు ఉంటాయి. పాడి అంటే మనం ఇప్పుడు ఇంటిపేరు అంటున్నదే. ఒక్కొక్క పాడికి తన పెర్సపేన్ ఉంటాడు, ఆ దేవుణ్ణి కొలిచే కటోడా ఉంటాడు. మెస్రంవాళ్లు ఏడుగురు అన్నదమ్ముల సగలోనివాళ్లు.

కొన్ని పేర్లలో చెట్లు కనిపిస్తాయి. టేకాంలో టేకు చెట్టు ఉందనీ, మర్కాంలో మామిడి ఉందనీ పెద్దలు చెబుతారు. గోండీలో మామిడిని మర్కా అంటారు. ఆ ఇంటివాళ్లకు ఆ చెట్టుతో ఒక మర్యాద ఉండేది.

ఈ కథలన్నీ ఎవరి నోట బతికాయో చూడండి. గోండుల వంశకథలను తరతరాలుగా దాచింది ప్రధానులు. కిక్రి వాయిస్తూ, రాత్రి తెల్లవార్లూ పాడుతూ, ఏ పాడి ఎక్కడ పుట్టిందో, ఏ వాగు దాటిందో, దేవుణ్ణి ఎక్కడ నిలబెట్టిందో చెప్పేది వాళ్లే. గోండు ఇల్లు తన కథను తన ఇంట్లో దాచుకోలేదు, మరొకరి గొంతులో దాచింది. ఆ పాడే మనిషికి కూడా తన ఇంటిపేరు ఇచ్చింది. అందుకే మెస్రం గోండులు ఉన్నట్టే మెస్రం ప్రధానులు ఉన్నారు. ఒకే పేరు రెండు తెగల్లో ఉండటం పొరపాటు వల్ల జరిగింది కాదు. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జరిగింది. పంట వచ్చినప్పుడు గోండు తన ప్రధానుకు వాటా పెట్టాలి. చావుకూ పెళ్లికీ ప్రధాను వచ్చి కథ పాడాలి. పేరు ఒకటి కావడం వెనుక ఈ ఒప్పందం ఉంది.

పేరు ఎంత దూరం పోయింది

తోటీలలోనూ కొలాముల్లోనూ గోండు ఇంటిపేర్లు వినిపిస్తాయి. ఆత్రం, టేకాం, సిడాం కొలాముల్లోనూ ఉన్నాయి. సోయం అనే పేరు ఆదిలాబాద్ గోండుల్లో ఉంది, భద్రాచలం వైపు కోయల్లోనూ ఉంది. ఇందులో ఆశ్చర్యం లేదు. గోండులు తమను తాము కోయతోర్ అనుకుంటారు, కోయలు కూడా అదే మాట చెబుతారు. భాషలు దగ్గరివి, అడవి ఒకటే. రాష్ట్రాల గీతలు తర్వాత వచ్చాయి.

మహారాష్ట్రలోని విదర్భకు వెళితే మేశ్రామ్ అనే ఇంటిపేరు ఇంకా విరివిగా వినిపిస్తుంది. అక్కడ అది గోండులకు మాత్రమే పరిమితం కాదు. అంబేడ్కర్ వెంట నడిచి బౌద్ధం స్వీకరించిన మహార్ కుటుంబాల్లో ఆ పేరు చాలామందికి ఉంది. వాళ్లకు నాగోబా లేడు, సగ లేదు, పెర్సపేన్ లేడు. వాళ్లకు వాళ్ల పోరాటం ఉంది, వాళ్ల జ్ఞాపకాలు ఉన్నాయి.

ఇప్పుడు ప్రశ్న గట్టిపడుతుంది. కేస్లాపూర్ మెస్రంకూ నాగపూర్ మేశ్రామ్‌కూ పేరు ఒక్కటే. వాళ్లు అన్నదమ్ములా? ‘పేరు కలిసింది కాబట్టి అవును’ అంటే, అక్షరాలు కలిసిన ప్రతివాడూ అన్నదమ్ముడే కావాలి. ‘తెగ వేరు కాబట్టి కాదు’ అంటే, ప్రధాను మెస్రంను ఏమనాలి? ‘నెత్తురు కలవాలి’ అంటే మరో చిక్కు వస్తుంది. ఆ చిక్కును విప్పేది నాగోబా జాతర.

కోడలు ఎప్పుడు మెస్రం అవుతుంది

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశీయులు చెప్పుల్లేని కాళ్లతో జన్నారం మండలంలోని హస్తలమడుగుకు నడిచి వెళ్లి, గోదావరి నీళ్లు కలశంలో తెస్తారు. దారిలో ఆ కలశాన్ని నేల మీద పెట్టరు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. మెస్రంలలో 22 కితలు ఉన్నాయి. వంట కూడా 22 పొయ్యిల మీదే, వంతులవారీగా సాగుతుంది. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా ఇరవై మూడో పొయ్యి వెలగదు.

ఆ రాత్రి మహాపూజ తర్వాత భేటింగ్ జరుగుతుంది. ఆ ఏడాది మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లను తెల్లచీరలతో, ముసుగులతో పెద్దావిడలు నాగోబా ముందుకు తీసుకెళ్లి పరిచయం చేస్తారు. భేటింగ్ అయ్యాకే ఆమె మెస్రం ఇంటి మనిషి.

దీని అర్థం ఏమిటో నెమ్మదిగా ఆలోచించండి. ఆ పిల్ల పుట్టింది ఆత్రం ఇంట్లోనో, కుమ్రం ఇంట్లోనో. ఆమె నెత్తురులో మెస్రం చుక్క ఒక్కటి లేదు. ఉండకూడదు కూడా. ఉంటే ఆ పెళ్లే జరిగేది కాదు. అయినా ఆ రాత్రి నుంచి ఆమె మెస్రం. అంటే ఇవాళ బతికి ఉన్న మెస్రం పెద్దల్లో పెళ్లయి వచ్చిన ఆడవాళ్లంతా మెస్రంగా పుట్టినవాళ్లు కారు. నెత్తురే ఇంటిపేరు అనుకుంటే, ఇంటిని నడిపే వాళ్లలో సగం మందిని ఇంటి బయట నిలబెట్టాలి.

మరి ఆ ఇంట్లో పుట్టి వేరే ఇంటికి వెళ్లిన ఆడపడుచులు? వాళ్ల పేరు మారింది. కానీ జాతరలో కోనేటి నుంచి కొత్త కుండలతో నీళ్లు తేవలసింది వాళ్లు. వాళ్ల భర్తలు, అంటే మెస్రం అల్లుళ్లు, మట్టి పని చేయాలి. ఆ నీళ్లతో ఆ మట్టిని మెత్తగా కలిపి పుట్టలు చేస్తారు. అల్లుడు మెస్రం కాదు, కాలేడు. అతని చేతి మట్టి లేకపోతే పూజ ముందుకు సాగదు. కుమ్మరి మెస్రం కాదు. అతని కుండ లేకపోతే నీళ్లు రావు. ప్రధాను పాట లేకపోతే కథ లేదు.

కాబట్టి నాగోబా ముందు ఇంటిపేరు అన్నది ఒక పనుల పంపకం. ఎవరు నడవాలి, ఎవరు నీళ్లు మోయాలి, ఎవరు మట్టి తవ్వాలి, ఎవరు వండాలి, ఎవరు పాడాలి అన్నదాన్ని అది చెబుతుంది. నా మటుకు నాకు ఇదే సరైన జవాబు అనిపిస్తుంది. ఇంటిపేరు మనకు ముందు ఇచ్చేది గౌరవం కాదు, పని. ఆ పనిలో నా పక్కన నిలిచినవాడు నా అన్నదమ్ముడు. పేరు కలిసినా పనిలో ఎన్నడూ కలవనివాడు పేరు కలిసిన మనిషి మాత్రమే. అతనికి మర్యాద ఇద్దాం, మంచినీళ్లు ఇద్దాం. కానీ అతణ్ణి అన్న అనడానికి పేరు ఒక్కటే చాలదు.

కేస్లాపూర్ గుడిని చూడండి. 2022 డిసెంబరులో తెరుచుకున్న ఆ రాతి గుడిని మెస్రం కుటుంబాలు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నాయి. పేరు గోడ మీద రాసుకోవడానికి వేసిన చందా కాదది. పేరు మోసినందుకు పడిన వంతు.

కాగితం మీద పేరు

‘ఇదంతా జాతర రోజుల ముచ్చట. మాకు కావలసింది సర్టిఫికెట్’ అని ఒక విద్యార్థి అనవచ్చు. నిజమే. ఇంటిపేరు ఇప్పుడు చదువుకూ ఉద్యోగానికీ భూమికీ ముడిపడి ఉంది. అందుకే ఈ ప్రశ్న మనకు ఊసుపోక అడిగేది కాదు.

పేరు కలవడాన్ని అడ్డం పెట్టుకుని మన కోటాలో చేరేవాళ్లు ఉన్నారు. ఇది దేశమంతా ఉన్న సమస్య. అందుకే మన దగ్గర కుల ధ్రువపత్రాల కోసం 1993లో 16వ నంబరు చట్టం వచ్చింది. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 1994లో సుప్రీంకోర్టు, తెగ పేరు చెప్పుకుంటే చాలదనీ, ఆ కుటుంబం ఆచారాలు, దేవతలు, పెళ్లి తీరు, చావు తీరు విచారించాలనీ చెప్పింది. 2023లో అదే కోర్టు ఇంకో మాట చేర్చింది. ఆచారాలు తెలుసా లేదా అన్నది ఒక్కటే గీటురాయి కాదనీ, పట్నాల్లో పెరిగినవాళ్లకు కొన్ని ఆచారాలు తెలియకపోవచ్చనీ, పాత పత్రాలకు ఎక్కువ విలువ ఇవ్వాలనీ చెప్పింది. ఆ కేసులోని ఠాకూర్ అనే పేరు కూడా ఒక తెగకూ, పెద్ద కులాలవాళ్లకూ ఉమ్మడిగా ఉన్నదే.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే మన పని ఏమిటో తెలుస్తుంది. పేరు ఒక్కటే రుజువు కాదు. పాత కాగితాలున్న ఇల్లు గట్టున పడుతుంది. మన తాతల ఇళ్లలో కాగితాలు ఎక్కడివి? పాటలు ఉన్నాయి, పెర్సపేన్ ఉన్నాడు, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పే అవ్వలు ఉన్నారు. వాళ్లు పోయేలోపు అది రాసి పెట్టుకోకపోతే రేపు మనమే మనం కామని ఎవరో అంటారు.

ఇంకో అన్యాయం అక్షరాలతో జరుగుతుంది. కుమ్రం, కుమురం, కొమరం, కొమురం ఇవన్నీ ఒకే ఇంటిపేరు. గోండీ రాని చెవి విన్నట్టు రాసింది. ఒకే తల్లి పిల్లలు ఇద్దరు బడిలో రెండు తీరులుగా నమోదైతే, పదేళ్ల తర్వాత ఆఫీసు గుమ్మం ముందు వాళ్లు అన్నదమ్ములమని రుజువు చేసుకోవలసి వస్తుంది. ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడ ఒక మనవి. ఒకటో తరగతిలో పిల్లవాడి పేరు రాసే రోజు తల్లినో తండ్రినో ఇంటిపేరు రెండుసార్లు పలకమనండి. అక్క, అన్న సర్టిఫికెట్లు ఎలా ఉన్నాయో అడిగి చూడండి. అయిదు నిమిషాల పని.

పేరు చెప్పుకుని గర్వపడటం

1940లో జోడెఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన కుమ్రం భీం పేరు మీద 2016లో ఒక జిల్లా ఏర్పడింది. ఇవాళ కుమ్రం ఇంటి పిల్లవాడు ఆ పేరు గర్వంగా చెప్పుకుంటాడు. చెప్పుకోవలసిందే. ఎన్నో ఏళ్లు మన పేర్లు వినగానే నవ్విన చోట ఆ పేరు బోర్డు మీద ఎక్కింది.

అయితే భీం కుమ్రం ఇళ్ల కోసం కొట్లాడలేదు. ఆయన అడిగింది పన్నెండు గూడేల కోసం. ఆ గూడేల్లో ఎన్నో ఇంటిపేర్ల గోండులు ఉన్నారు, కొలాములు ఉన్నారు. ఆయనతో నిలిచినవాళ్ల ఇంటిపేర్లు వేరు, గూడేలు వేరు. కనుక భీం వారసత్వం కుమ్రం వాళ్లదేనా, పన్నెండు గూడేలదా? నేను చెప్పిన లెక్కన ఆ పనిని ఎవరు ఎత్తుకుంటే వాళ్లది. తన గూడెంలో పోడు పట్టా రాని పక్కింటి కొలాం ముసలాయనకు దరఖాస్తు రాసిపెట్టని కుమ్రం యువకుడికి ఆ పేరులో వాటా తగ్గుతుంది. రాసిపెట్టిన సిడాం యువతికి పెరుగుతుంది.

‘మాది రాజుల పేరు’ అనేవాళ్లకూ ఇదే మాట. అహేరి జమీందార్లు ఆత్రంలే. ఆ పేరుతో ఇవాళ కూలికి వెళ్లే ఆత్రంలు వేలమంది ఉన్నారు. పేరు వాళ్ల కూలి పెంచలేదు. రాజరికం గుర్తు చేసుకోవడం కంటే ఆ కూలి సంగతి మాట్లాడటం ఆత్రం పేరుకు ఎక్కువ మర్యాద.

పేరు దాచుకోవడం

మరోవైపు పేరు దాచుకునే పిల్లలున్నారు. హాస్టల్లో వెక్కిరిస్తారని ఇంటిపేరు చెప్పరు, ఒక్క అక్షరంతో సరిపెడతారు. ఉద్యోగం వచ్చాక ఇంటిపేరు తీసేసి తండ్రి పేరు తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లను మనం తప్పుపట్టడం సులువు. కానీ సిగ్గు వాళ్లకు పుట్టుకతో రాలేదు, ఎవరో నేర్పారు. దెబ్బ తగిలినవాడు చెయ్యి అడ్డం పెట్టుకుంటే వాణ్ణి పిరికివాడని అనకూడదు. మందలించవలసింది నవ్వినవాణ్ణి. తరగతిలో ఎవరైనా ఒక పేరు విని నవ్వితే ఆ రోజు పాఠం అక్కడే ఆపి, ఆ పేరు ఏమిటో, దాని వెనుక ఏ చెట్టు ఉందో, ఏ సగ ఉందో అందరికీ చెప్పగలిగిన ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి తన పేరు తిరిగి ఇచ్చినట్టే.

సగ అడ్డం వస్తే

చివరిగా, యువత ఎక్కువగా అడిగే ప్రశ్న. ఇంటిపేర్లు వేరు, సగ ఒక్కటే. పట్నంలో చదువుకుంటూ ఇద్దరు ఇష్టపడ్డారు. పెద్దలు ‘మీరు అన్నాచెల్లెళ్లు’ అంటున్నారు. ఏం చేయాలి?

సగ కట్టుబాటు ఎందుకు పుట్టిందో ముందు చూడాలి. తన సగలో పెళ్లి కుదరదు కనుక ప్రతి ఇల్లూ పరాయి ఇంటికి వెళ్లి పిల్లను అడగవలసిందే. ఏ ఇల్లూ తనతో తాను తలుపు మూసుకుని బతకలేదు. కరువు వచ్చిన ఏడు వియ్యాలవారి ఊరు ఆదుకుంటుంది. అలా ఆ కట్టుబాటు మనల్ని ఒకరి మీద ఒకరు ఆధారపడేలా చేసింది. అందుకే దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయలేను.

అదే సమయంలో ఒక సంగతి మరవకూడదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతట అది వర్తించదు. పెళ్లి విషయంలో మన ఆచారమే మనకు చట్టం. అంటే దాన్ని కాపాడే బాధ్యతా మనదే, మార్చవలసి వస్తే కూర్చుని మార్చుకునే బాధ్యతా మనదే. రాయి సెంటర్లలో పెద్దల పక్కన చదువుకున్న ఆడపిల్లలు కూడా కూర్చుని ఈ మాట మాట్లాడాలి. ఆ ఇద్దరూ ఇష్టాన్ని దాచి పారిపోనక్కర్లేకుండా, పెద్దలు కర్ర ఎత్తనక్కర్లేకుండా మాట్లాడుకోగలిగిన చోటు ఉండాలి. మనిషిని కొట్టి కాపాడిన సగలో అన్నదమ్ముల తనం మిగలదు. లింగాల్ దేవతలను గుహలోంచి బయటికి తెచ్చాకే సగలుగా పంచాడు. పంచడం కోసం ఎవరినీ మళ్లీ గుహలో పెట్టలేదు.

ఇంటిపేరు గురించి ఇన్ని మాటలు చెప్పాక, చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక చిన్న పని చెబుతాను. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కుని వెళ్లండి. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. మన సగ ఏది, మన పెర్సపేన్ ఏ ఊళ్లో ఉన్నాడు, మన ప్రధాను ఎవరు, నువ్వు ఏ ఇంటి నుంచి వచ్చావు, ఈ ఇంట్లో నీకు మొదట అప్పగించిన పని ఏమిటి అని అడగండి. ఆవిడ చెప్పినట్టే రాయండి. తేదీ వేయండి. ప్రధాను ఇంకా బతికి ఉంటే ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లండి. వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో పోకండి, ఆయన వాటా గింజలు తీసుకెళ్లండి.